కాడి కంటే ముందు

సముద్రంలో చచ్చిన గుర్రానికి కూడా డబ్బిచ్చిన రాజు సాళువ నరసింహరాయలు. ఓడలో వస్తూ చచ్చిపోతే దాని తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానితో సమానంగా వెల ముట్టజెప్పేవాడని పోర్చుగీసువాడైన న్యూనిజ్ రాశాడు. ఆయన స్వయానా గుర్రాల వ్యాపారి, 1530ల్లో విజయనగరంలో ఉన్నవాడు. బేరాల సంగతి ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఈ నరసింహరాయలే ఉదయగిరి కోసం గజపతులతో పోరాడి నష్టపోయాడు. తర్వాత శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి సాగించి 1514లో కోటను పట్టుకున్నాడు. గుర్రం ఓడల్లో వచ్చింది, సైన్యాల వెంట తిరిగింది, రాజ్యాలతోపాటే వెళ్లిపోయింది. కోట చుట్టుపక్కల పల్లెల్లో మిగిలింది ఎద్దు.

ఆ ఎద్దు సంగతి చేజర్ల నుంచి చెబుతాను. చేజర్ల అంటే చాలామందికి కపోతేశ్వరాలయం ఉన్న పల్నాడు చేజర్ల గుర్తొస్తుంది. నేను చెప్పేది నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని చేజర్ల. ఇటు ఆత్మకూరు, ఆపైన ఉదయగిరి, నైరుతిన వెలిగొండలు. వానను నమ్ముకున్న చేలు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో ట్రాక్టరు రాకముందు దుక్కీ, రవాణా, తిరనాళ్ల ప్రయాణం అన్నీ ఎద్దు మెడ మీదే నడిచాయి. ఆ ఎద్దును తయారుచేసిన విద్య గురించి మనవాళ్లు పెద్దగా రాయలేదు. గుర్రానికైతే శాలిహోత్రం పేరుతో సంస్కృతంలో శాస్త్రమే ఉంది, తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం ఉంది. కోడెను కాడికి మప్పడం మాత్రం తండ్రి చేతిలోంచి కొడుకు చేతిలోకి వచ్చిందే తప్ప తాటాకు ఎక్కినట్టు లేదు.

ఇప్పుడు స్వారీ నేర్పేవాళ్లు, ముఖ్యంగా పాశ్చాత్య దేశాల్లో, ఎక్కడం కంటే ముందు నేల మీద చేసే సాధన గురించి చాలా మాట్లాడుతున్నారు. జీను వేయకముందే మనిషి గుర్రం పక్కన నిలబడి తాడుతో నడిపిస్తాడు, ఆపుతాడు, వెనక్కి అడుగు వేయిస్తాడు, పక్కకు తప్పుకోమంటాడు. తాడు కాస్త బిగిస్తాడు. గుర్రం మాట విన్న క్షణంలోనే వదులు చేస్తాడు. పాఠం ఉన్నది ఆ వదులులోనే, బిగింపులో కాదు. ఇది కొత్త సంగతీ కాదు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు సేనాని క్సెనోఫోన్ పిల్లగుర్రాన్ని ఎక్కడ నిమిరితే దానికి హాయిగా ఉంటుందో అక్కడ నిమరాలని, దాని దగ్గర కోపం పనికిరాదని చెప్పాడు. మెట్ట రైతుకు ఇదంతా చెబితే ‘ఇందులో కొత్తేముంది నాయనా’ అంటాడు.

కోడెదూడకు చదువు కాడి దగ్గర మొదలుకాదు. పాలు తాగే వయసులోనే చెయ్యి అలవాటు చేస్తారు. మెడ కింద గంగడోలు నిమరడం, కొమ్ముల మొదట్లో గోకడం, చెరువులో దింపి గడ్డి పెట్టి తోమడం. ఇవి ముద్దుకు చేసే పనుల్లా కనిపిస్తాయి గానీ ప్రతిదానికీ లెక్క ఉంది. పశువులు ఒకదాన్నొకటి నాకేది ఎక్కువగా మెడ భాగాన్నే. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయంలో 2008 ప్రాంతాల్లో పాడి ఆవుల మీద జరిగిన పరిశోధన కూడా, అలా నాకించుకునే చోట మనిషి నిమిరితే ఆవు మెడ చాచి చెవులు వాల్చి నెమ్మదిస్తుందని గమనించింది. గంగడోలు మీద చెయ్యి వేసిన పాలేరుకు ఆ సంగతి అరచేతికే తెలుసు.

దగ్గరికి వెళ్లడంలోనూ పద్ధతి ఉంది. పశువు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది, ఒక్క తోక వెనక తప్ప. అందుకే వెనక నుంచి చప్పుడు చేయకుండా వచ్చినవాడికి తన్ను తగులుతుంది. అనుభవం ఉన్నవాడు ముందు గొంతు వినిపిస్తాడు, తర్వాత భుజం వైపు నుంచి నడిచి వస్తాడు. ఆ భుజమే తక్కెడ ముల్లు. దానికి కాస్త వెనగ్గా నిలబడితే కోడె ముందుకు కదులుతుంది, ముందుకొచ్చి నిలబడితే ఆగుతుంది. తాడు లాగాల్సిన అవసరం సగం అక్కడే తీరిపోతుంది. అరుపులు కూడా అనవసరం. పశువు చెవి మనకు వినపడని పైస్థాయి ధ్వనుల్ని కూడా అందుకుంటుంది. కేకలు వేసే మనిషి తన కంగారునే దానికి అంటిస్తాడు.

మొదట మెడ పలుపుతో నడిపిస్తారు. వీధిలో, చేనిగట్టు మీద, జనం మధ్య, కుక్కలు మొరిగే చోట. బెదిరితే కొట్టరు. బెదిరినదాన్ని చూడనిచ్చి, వాసన చూడనిచ్చి, మళ్లీ అదే దారిన తీసుకెళ్తారు. ఆగమనే కూత ఒకటి, కదలమనే కూత ఒకటి, నాలుకతో టక్కుమనిపించే చప్పుడు ఇంకొకటి. ఇవి ఊరికో రకం, ఇంటికో రకం. కానీ ఒక ఇంట్లో మాత్రం అందరూ ఒకేలా పలకాలి. తాత ఒక రకంగా, మనవడు ఇంకో రకంగా కూస్తే కోడె ఎవరి మాటా వినదు.

ముక్కు కుట్టేది తర్వాత. ముకుతాడు గురించి నిజం దాచకూడదు. అది నొప్పితో పనిచేసే సాధనం. ముక్కు దూలం మెత్తని చోటు, అక్కడ తాడు పడితే ఎంత బలమైన ఎద్దయినా తల తిప్పక తప్పదు. పుండు పూర్తిగా మానకముందే తాడు గుంజే తొందరపాటువాళ్లు ఎప్పుడూ ఉన్నారు, ఆ కోడెలు జీవితాంతం చెయ్యి చూస్తే తల ఎగరేస్తాయి. నా దృష్టిలో మంచి రైతుకూ చెడ్డ రైతుకూ తేడా తెలిసేది ఇక్కడే. మంచివాడి పగ్గం ఎప్పుడూ కాస్త వేలాడుతూ ఉంటుంది. మాట, చెయ్యి, తోక మీద చిన్న తట్టు, వీటికి వినని రోజున మాత్రమే ముకుతాడు బిగుస్తుంది. ములుగర్రతో పొడిచి, తోక మెలిపెట్టి నడిపించడం కూడా మన సంప్రదాయంలో ఉన్నదే. దాన్ని కాదని పాతకాలం అంతా పూజే అన్నట్టు రాయడం నాకు ఇష్టం లేదు.

ఆ తర్వాత కాడి. కొత్త కోడెకు అసలు గురువు మనిషి కాదు, పాత ఎద్దు. పనితెలిసిన ముసలి ఎద్దు పక్కన కోడెను కట్టి, వెనక ఏమీ తగిలించకుండా ఉత్త కాడితో తిప్పుతారు. కోడె పక్కకు గుంజుతుంది, వెనక్కి తగ్గుతుంది, పడుకుంటుంది. పాత ఎద్దు కదలకుండా నిలబడుతుంది. దాని బరువూ నిదానమూ కాడిమాను గుండా కోడె మెడకు అందుతాయి. కాస్త సర్దుకున్నాక చిన్న దుంగ కట్టి లాగిస్తారు, తర్వాత దున్నిన మెత్తని చేలో గుంటక, తర్వాత ఖాళీ బండి, చివరికి బరువు. ఎండెక్కకముందే విప్పేస్తారు. మెడ కందితే ఆముదం రాసి, వాపు తగ్గేదాకా కాడి ముట్టించరు. మెడ నొప్పితో పని నేర్చిన ఎద్దుకు కాడి అంటే నొప్పనే గుర్తుంటుంది. ఎలపట ఎద్దు, దాపట ఎద్దు అని వైపులు కూడా మొదటే స్థిరపడతాయి. తర్వాత వైపు మారిస్తే బాగా మరిగిన ఎద్దు కూడా తడబడుతుంది.

కోడెను కొనేటప్పుడు సుళ్లు చూసే అలవాటు అందరికీ తెలుసు. ఏ సుడి ఉంటే ఇంటి యజమానికి కీడు అనే లెక్కల్ని నేను నమ్మను. కానీ నుదుటి సుడిని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ బృందం 1995లో ప్రచురించిన పరిశీలనలో, నుదుటి సుడి కళ్లకంటే పైన ఉన్న పశువులు బంధించినప్పుడు ఎక్కువ పెనుగులాడాయని తేలింది. మన గుర్రపు శాస్త్రాలూ సుళ్లను వర్ణించాయి. వాటిలో ఎంత అనుభవం, ఎంత జోస్యం అన్నది ఎవరైనా ఓపికగా విడదీయాలి.

ఇంత సాధనకూ పరీక్ష తిరనాళ్ల దారి. వెలిగొండల పాదంలో రాపూరు మండలంలోని పెంచలకోనలో నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు వైశాఖంలో, అంటే ఎండలు మండే మే నెల ప్రాంతంలో జరుగుతాయి. ఒకప్పుడు ఇలాంటి తిరనాళ్లకు పల్లెల నుంచి బండ్లు వరసకట్టి వెళ్లేవి. ఎండకు భయపడి పొద్దువాలాక కట్టేవాళ్లు. ముందు బండికి దారి తెలిసిన పాత జత, కొత్త కోడెల బండి మధ్యలో, చివర మళ్లీ నిదానమైన జత. కొత్తవాటికి ముందూ వెనకా తోడుంటే అవి చీకటిని చూసి బెదరవు. ముందు బండి మువ్వల చప్పుడు పట్టుకుని వెనకవి నడుస్తాయి, ఇరుసు కింద లాంతరు ఊగుతూ ఉంటుంది, బండిలో పిల్లలూ ఆడవాళ్లూ నిద్రపోతారు, ఒక్కోసారి తోలేవాడు కూడా.

ఈ వరసకు కట్టుబాట్లున్నాయి. ఎవరూ పందెం కట్టినట్టు దాటిపోకూడదు. ఒక జత ఉరికితే మిగిలినవన్నీ ఉరుకుతాయి. నీళ్ల దగ్గర అన్నీ తాగేదాకా అందరూ ఆగాలి. ఏటి ఇసుకలో ఒక బండి దిగబడితే ముందు వెళ్లిన జత వెనక్కి వచ్చి పట్టాలి. దిగుడులో బండికి బ్రేకులుండవు. ఎద్దులే మెడలతో బరువును ఆపాలి కాబట్టి ముందు బండికి దూరం వదిలి దింపాలి. గుంపుగా గుర్రాల మీద అడవిదారుల్లో తిరిగేవాళ్లు ఇవాళ పాటించే నియమాలూ ఇవే. నిదానమైన గుర్రం ముందు, కొత్తది మధ్యలో, రెంటి మధ్య ఒక గుర్రం పట్టేంత జాగా, అందరూ ఎక్కేదాకా ఎవరూ కదలకపోవడం. ఎద్దూ గుర్రమూ రెండూ మంద జీవులే. పక్కదాని గుండె నిబ్బరమే దాని నిబ్బరం.

ఈ విద్య విలువ తెలియాలంటే బ్రెజిల్ వైపు చూడాలి. మన ఒంగోలు జాతి పశువులు 1868లో అక్కడి సాల్వడార్ రేవులో దిగాయి. 1960ల మొదట్లో మళ్లీ వెళ్లినవాటిలో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరు పెట్టుకున్న ఆబోతు కూడా ఉంది. నెల్లూరు జిల్లా పేరు మీదే అక్కడ ఆ జాతిని ‘నెలోర్’ అంటారు. ఇవాళ ఆ దేశంలో మాంసం కోసం పెంచే పశువుల్లో అత్యధికం వాటి సంతతే. పెద్ద పెద్ద బీళ్లలో మనిషి చెయ్యి తగలకుండా పెరిగే ఆ మందలకు బెదురెక్కువన్న పేరుంది. అక్కడి శాస్త్రవేత్తలు ఇప్పుడు పుట్టిన దూడల్ని నిమిరి చూస్తున్నారు, అరుపులూ కర్రలూ లేకుండా తోలడం పనివాళ్లకు నేర్పుతున్నారు. అదే రక్తం ఇక్కడ పదేళ్ల పిల్లవాడి చేతిలో పలుపుతో చెరువుకు నడిచి వెళ్లింది. నెమ్మది జాతి గుణమైతే సముద్రం దాటి అక్కడికీ వెళ్లాలి కదా! వెళ్లింది ఎద్దు ఒక్కటే. గంగడోలు నిమిరిన చెయ్యి ఇక్కడే ఉండిపోయింది.

ఇక్కడైనా ఆ చెయ్యి ఎంతకాలం ఉంటుంది? ట్రాక్టరును తప్పుపట్టను. మెట్టలో వాన పడ్డ నాలుగు రోజుల్లో విత్తాలంటే ఎద్దుతో అందరికీ సాగదు. ఇప్పుడు ఒంగోలు గిత్తల్ని శ్రద్ధగా మప్పేది ఎక్కువగా బండలాగుడు పోటీల కోసమే. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని వయసును పంటితో లెక్కగట్టి విభాగాలు పెడతారు, నిర్ణీత సమయంలో బండను ఎంత దూరం లాగాయన్నది కొలుస్తారు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ నిషేధించడం, 2023లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల సవరణ చట్టాలను సమర్థించడం తెలిసిందే. ఆ వాదనల్లో హింస గురించి చాలా మాట్లాడుకున్నాం, మాట్లాడాల్సిందే. హింస లేకుండా మప్పిన రైతు ఏం చేశాడన్నది మాత్రం ఎవరూ రాసుకోలేదు.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల్లో కోడెను కాడికి మప్పిన ముసలి రైతుల్ని అక్కడి విద్యార్థులు ఒక వేసవి కలిసి, వాళ్లు కూసే కూతల్ని రికార్డు చేసి, ఏ కూతకు కోడె ఏ అడుగు వేస్తుందో వీడియో తీస్తే పని మొదలవుతుంది. కోడె లేకుండా కూత ఒక్కటే అడిగితే చాలామంది నవ్వి ఊరుకుంటారు. కాబట్టి కెమెరాతోపాటు మప్పని కోడెదూడనూ, పనితెలిసిన ఎద్దునూ ఏర్పాటు చేసుకుని వెళ్లాలి.