ఫెచ్‌కు తొడుగులు

జావాస్క్రిప్ట్‌లో సర్వర్ నుంచి సమాచారం తెప్పించే ఫంక్షన్ పేరు ఫెచ్. దానికి చిరునామా ఇస్తే ఒక ప్రామిస్ వస్తుంది. సర్వర్ జవాబివ్వడం మొదలుపెట్టగానే అందులోంచి రెస్పాన్స్ చేతికందుతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోకి ఇది 2015లో వచ్చింది. 2022లో విడుదలైన నోడ్ 18 నుంచి సర్వర్ వైపు కూడా ఏ లైబ్రరీ తెచ్చుకోకుండానే దొరుకుతోంది.

ఫెచ్ చేసే పని చాలా తక్కువ. 404 వచ్చినా, 500 వచ్చినా దాని దృష్టిలో అది వైఫల్యం కాదు. సర్వర్ ఏదో ఒక జవాబు చెప్పింది కాబట్టి తన బాధ్యత తీరినట్టే. నెట్‌వర్క్ తెగిపోవడం, మధ్యలో రద్దు చేయడం లాంటి సందర్భాల్లోనే ప్రామిస్ విఫలమవుతుంది. జవాబు మంచిదో కాదో తెలియాలంటే రెస్పాన్స్‌లోని ఓకే అనే గుర్తు చూడాలి. స్టేటస్ 200 నుంచి 299 లోపు ఉంటేనే అది నిజమవుతుంది. ఫెచ్ తనంతట తాను గడువు పెట్టదు, మళ్లీ ప్రయత్నించదు, లాగిన్ టోకెన్ జత చేయదు. ఇవన్నీ రాసుకోవలసింది ప్రోగ్రామరే.

మామూలుగా జరిగేదేమిటంటే, ఫెచ్ వాడిన ప్రతి చోటా ఈ పనులకు అవే నాలుగు లైన్లు అతికిస్తారు. దాంతో విసుగు పుట్టాక అన్నిటినీ ఒక పెద్ద ఫంక్షన్‌లో కుక్కి, ఒక్కో అవసరానికి ఒక్కో ఆప్షన్ పెడతారు. కొన్నాళ్లకు ఆ ఫంక్షన్‌లో ఒక ఆప్షన్ కదిపితే ఇంకెక్కడ తెగుతుందో తెలియని స్థితి వస్తుంది. దీనికి విరుగుడు తొడుగుల పద్ధతి.

తొడుగు అంటే ఒక ఫెచ్‌ను తీసుకుని ఇంకో ఫెచ్‌ను తిరిగిచ్చే ఫంక్షన్. బయటికొచ్చినది కూడా అవే ఆర్గ్యుమెంట్లు తీసుకోవాలి, అదే రెస్పాన్స్ ప్రామిస్‌ను ఇవ్వాలి. రూపం మారదు కాబట్టే ఒకదాని మీద ఇంకొకటి ఎన్నయినా తొడగవచ్చు. ఏదైనా తొడుగు సౌకర్యం కోసమని జవాబులోని జేసన్‌ను విప్పి నేరుగా డేటా ఇచ్చిందంటే ఆ వరుస అక్కడితో తెగిపోతుంది. దాని పైన తొడిగేదానికి స్టేటస్ కనిపించదు, హెడర్లు కనిపించవు. జేసన్ విప్పే పనిని అన్ని తొడుగుల తర్వాత చివర్లో విడిగా ఉంచడం ఈ పద్ధతిలో అసలైన క్రమశిక్షణ. ఈ ఆలోచన కొత్తది కాదు. 2003లో పైథాన్ ప్రపంచం రాసుకున్న డబ్ల్యూఎస్‌జీఐ, క్లోజర్ భాషలోని రింగ్, నోడ్‌లోని కోవా, అన్నిటిలోనూ మిడిల్‌వేర్ పేరుతో ఉన్నది ఇదే. అక్కడ సర్వర్‌కు వచ్చే రిక్వెస్టులకు వాడారు, ఇక్కడ బయటికి వెళ్లేవాటికి వాడుతున్నారు.

చూడ్డానికి అతి తేలికైన తొడుగు హెడర్ జత చేసేది. పాత హెడర్లను మూడు చుక్కలతో కొత్త ఆబ్జెక్టులోకి పరిచి, టోకెన్ చేర్చి పంపితే చాలనిపిస్తుంది. పిలిచినవారు మామూలు ఆబ్జెక్టుకు బదులు హెడర్స్ క్లాసుతో చేసినది ఇచ్చారనుకోండి, మూడు చుక్కలు దానిలోంచి ఒక్క హెడర్ కూడా తీసుకురావు. ఎర్రర్ రాదు, హెడర్లు మాత్రం మాయమవుతాయి. అందుకే వచ్చిన చిరునామా, ఆప్షన్లు అనే రెండు ఆర్గ్యుమెంట్లతో ముందుగా ఒక కొత్త రిక్వెస్ట్ ఆబ్జెక్టును తయారుచేసి, దాని హెడర్లలో సెట్ అనే మెథడ్‌తో రాయడం క్షేమం. నోడ్‌లో రిక్వెస్ట్ ఆబ్జెక్టుకు పూర్తి చిరునామా కావాలి. కాబట్టి సగం చిరునామాకు సర్వర్ పేరు కలిపే తొడుగు అన్నిటికంటే బయట ఉండాలి.

మళ్లీ ప్రయత్నించే తొడుగుకు, అంటే రిట్రైకి, ఇంకా జాగ్రత్త కావాలి. రిక్వెస్ట్ బాడీని ఒక్కసారే చదవగలం. రెండో ప్రయత్నానికి అది ఖాళీ అయిపోయి ఉంటుంది. ప్రతి ప్రయత్నానికీ క్లోన్ పంపి, అసలుదాన్ని దాచుకోవాలి. 503, 429 లాంటి జవాబులకు మళ్లీ అడగడం సబబే. సర్వర్ రిట్రై-ఆఫ్టర్ హెడర్‌లో ఎంతసేపు ఆగాలో చెబితే దాన్ని పాటించాలి. చెప్పకపోతే ప్రతిసారీ విరామాన్ని రెట్టింపు చేస్తూ, దానికి కొంత యాదృచ్ఛిక సమయం కలపాలి. లేకపోతే పడిలేచిన సర్వర్ మీదికి క్లయింట్లన్నీ ఒకే క్షణాన విరుచుకుపడతాయి. పోస్ట్ రిక్వెస్టును మాత్రం గుడ్డిగా మళ్లీ పంపకూడదు. చెల్లింపు రిక్వెస్టులో సర్వర్ డబ్బు కోసుకున్నాక జవాబు దారిలో పోయిందంటే, రెండో ప్రయత్నం రెండోసారి కోస్తుంది.

తొడుగుల వరుస కూడా ప్రోగ్రాం అర్థంలో భాగమే. ఐదు సెకన్ల గడువు తొడుగును రిట్రై లోపల పెడితే ప్రతి ప్రయత్నానికీ ఐదు సెకన్లు దొరుకుతాయి. మూడు ప్రయత్నాలు, మధ్య విరామాలు కలిపితే మనిషి పదిహేను సెకన్లకు పైగా తెర చూస్తూ కూర్చోవలసి రావచ్చు. అదే తొడుగును రిట్రై బయట పెడితే మొత్తం వ్యవహారం ఐదు సెకన్లలో తేలిపోవాలి. ఒకే తొడుగును రెండుసార్లు వాడి లోపల ఐదు, బయట ఇరవై సెకన్లు పెట్టడం చాలా సందర్భాల్లో సరైన జవాబు. ఆప్షన్ల ఫంక్షన్‌లో దీనికి కొత్త ఆప్షన్ కనిపెట్టాలి, ఇక్కడ ఇంకో లైను రాస్తే సరిపోతుంది. గడువు తొడుగు రిక్వెస్టును రద్దు చేసే తన సిగ్నల్‌ను పెట్టేటప్పుడు పిలిచినవారి సిగ్నల్‌ను చెరిపేయకూడదు. అబార్ట్‌సిగ్నల్‌లోని ఎనీ మెథడ్ రెండింటినీ కలుపుతుంది. రిట్రై విరామంలో ఉన్నప్పుడు కూడా ఆ సిగ్నల్‌ను వినాలి.

టోకెన్ గడువు తీరి 401 వస్తే కొత్త టోకెన్ తెచ్చి మళ్లీ పంపే తొడుగులో చిక్కు వేరు. ఒక పేజీ తెరవగానే పది రిక్వెస్టులు వెళ్లి పదింటికీ 401 వస్తే, పదిసార్లు కొత్త టోకెన్ అడగకూడదు. మొదటిది అడిగిన ప్రామిస్‌ను తొడుగు లోపలి వేరియబుల్‌లో ఉంచితే మిగతా తొమ్మిదీ దాని కోసమే ఆగుతాయి. పని అయ్యాక, గెలిచినా ఓడినా, ఆ వేరియబుల్‌ను ఖాళీ చేయాలి; మరిచిపోతే ఒకసారి విఫలమైన ప్రామిస్ పేజీ మూసేదాకా అందరికీ వైఫల్యమే పంచుతుంది.

ఈ పద్ధతి విలువ టెస్టులు రాసేటప్పుడు బాగా తెలుస్తుంది. లోపలి ఫెచ్ స్థానంలో రెండుసార్లు 503, మూడోసారి 200 ఇచ్చే పది లైన్ల ఉత్తుత్తి ఫెచ్‌ను పెడితే రిట్రై తొడుగును నెట్‌వర్క్ లేకుండానే పరీక్షించవచ్చు. అదే గ్లోబల్ ఫెచ్‌ను మార్చేస్తే పేజీలోని ప్రతి లైబ్రరీ ఆ మార్పుకు లోబడుతుంది. లాగిన్ టోకెన్ సంబంధం లేని సర్వర్లకూ చేరే ప్రమాదం ఉంది. అందుకే తొడుగులన్నీ ఒక ఫైలులో వరుసగా పేర్చి, తయారైన ఫెచ్‌ను అవసరమైన ఫంక్షన్లకు ఆర్గ్యుమెంటుగా అందిస్తారు. చెల్లింపుల సర్వర్‌కు రిట్రై లేనిది ఒకటి, వార్తల సర్వర్‌కు రిట్రై ఉన్నది ఇంకొకటి, అవే ముక్కలతో పక్కపక్కనే తయారవుతాయి.