సామెతల గ్రంథమున మూర్ఖునకు ప్రత్యుత్తరము

బైబిలులోని సామెతల గ్రంథము 26వ అధ్యాయమున 4, 5 వచనములు పరస్పరవిరుద్ధములుగా తోచును. మూర్ఖునకు వాని మూఢతకు తగినట్లు బదులీయరాదని మొదటిది, ఈయవలెనని రెండవది. ఈ వైరుధ్యముచేతనే యీ గ్రంథమును మరుగుపరుప నెంచిన పండితులుండిరని తాల్మూదులోని షబ్బాతు ప్రకరణము చెప్పుచున్నది. ధర్మశాస్త్రవిషయమున బదులీయవచ్చును, లౌకికవిషయమున కూడదని యచ్చటనే సమాధానమును కలదు.

ఆ సమాధానముతో గ్రంథము నిలిచినది గాని, వచనములకు న్యాయము జరుగలేదని మా యభిప్రాయము. విషయభేదము మూలమున లేదు, ఉన్నది హేతుభేదము. బదులిచ్చువాడు మూర్ఖునితో సమానుడగునను భయము మొదటిదానిది. బదులీయనిచో మూర్ఖుడు తన్ను తాను జ్ఞానిగా నెంచుకొనునను భయము రెండవదానిది. ‘మూఢతచొప్పున’ అను హీబ్రూ పదము రెండింటను ఒక్కటే. ఇట్టి జంటను సంకలనకర్త పొరపాటున చేర్చెననుట కష్టము.

ఈ రెండు కీడులలో నేది గురుతరము? ఇందుకు 12వ వచనమువరకు పోవలెను. తన దృష్టికి తానే జ్ఞానియైనవానికంటె మూర్ఖునియెడలనే ఆశ యెక్కువయని యందు కలదు. అనగా మౌనము మూర్ఖుని మూర్ఖునిగనైనను ఉండనీయదు. అంతకంటె హీనదశకు త్రోయును. కావున జంటలోని మొగ్గు ప్రత్యుత్తరమువైపే. సభలలో మౌనమునే పాండిత్యముగా నెంచు మాబోంట్లకిది యంతగా రుచింపదు. అయినను 4వ వచనము ముందుండుటచే, ఆ ప్రత్యుత్తరమునకు చెల్లింపవలసిన వెల యేదో చదువరికి ముందే తెలియుచున్నది.