‘నపుంసకుడు’, ‘ఉద్యోగస్థుడు’: తెలుగు బైబిలు పదాలు – చేరదీసే పరిచర్య

కీలకపదాలు: తెలుగు బైబిలు, అనువాదం, విశాఖపట్నం, నపుంసకుడు, హిజ్రా, పరిచర్య.

1. ప్రవేశిక

తెలుగు క్రైస్తవ వాఙ్మయ చరిత్రలో విశాఖపట్నానికి ప్రత్యేక స్థానం ఉంది. ఓడరేవు ప్రారంభం (1933) కన్నా, ఉక్కు ఉద్యమం (1966) కన్నా ఎంతో ముందు, 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజిస్ ఈ పట్టణానికి వచ్చారు. ఆనందరాయర్ సహకారంతో సాగిన వారి అనువాదంలో మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. మత్తయి సువార్త 19వ అధ్యాయంలో పుట్టుకవల్లనో, మనుషుల చేతనో, పరలోకరాజ్యం కోసమో వివాహజీవితానికి వెలుపల ఉన్నవారి ప్రస్తావన ఉంది. అలాంటి మనిషిని తెలుగులో ఏమని పిలవాలి అన్న ప్రశ్న విశాఖ అనువాదకులకు ఎదురు కాక తప్పలేదు. లింగ, లైంగిక అల్పసంఖ్యాకులను చేరదీయాలనుకునే నేటి పరిచర్యకు కూడా ఇదే తొలి ప్రశ్న. తెలుగువారు విస్తృతంగా చదివే బైబిల్ సొసైటీ పాత అనువాదం ఆధారంగా ఆ పదాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒకే మూలపదం – రెండు తెలుగు పదాలు

హీబ్రూలో ‘సారీస్’ అనే మాటకు రాజాస్థానపు ఉద్యోగి అనీ, పుంస్త్వం తొలగించబడినవాడు అనీ రెండు అర్థాలున్నాయి. ఆదికాండం 39వ అధ్యాయంలో పోతీఫరును పరిచయం చేసేది ఈ మాటే. తెలుగు అనువాదం అక్కడ అతనిని ‘ఉద్యోగస్థుడు’ అంటుంది. యెషయా 56వ అధ్యాయంలో అదే మాట ‘షండుడు’ అయింది. పోతీఫరుకు భార్య ఉన్నట్లు కథ చెబుతుంది కనుక మొదటి ఎంపికకూ, సంతానలేమి ప్రస్తావన ఉంది కనుక రెండవ ఎంపికకూ సమర్థన ఉంది. అయితే ఫలితం గమనించదగింది. భార్య ఉన్న అధికారికి పదవి పేరు దక్కింది. సంతానం లేనివానికి లోపమే పేరయింది.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. గ్రీకులోని ‘యూనూఖోస్’ వ్యుత్పత్తి రీత్యా పడకటింటిని కాచేవాడు. అంటే అది పని పేరు. తెలుగులోని ‘నపుంసకుడు’ పురుషుడు కానివాడు అనే నిషేధార్థంతో మొదలవుతుంది. నపుంసకలింగం అనగానే తెలుగు విద్యార్థికి జడపదార్థాలు స్ఫురిస్తాయి. పురుషత్వాన్ని నిరాకరించే ఈ పదానికి చివర చేరిన ‘డు’ మాత్రం పురుషవాచక ప్రత్యయమే. వ్యాకరణం కూడా అతనికి మరో స్థానం చూపలేకపోయింది. నేటి వ్యవహారంలోనైతే ఈ మాట పిరికితనానికి పర్యాయంగా, తిట్టుగా స్థిరపడింది.

3. ఆఫ్రికా అధికారి కథ

ఆ అధ్యాయంలోని ఐతియొపీయుడు కందాకే రాణి ధనాగారానికి అధిపతి. ఆమె రాజ్యం నేటి సూడాన్ ప్రాంతంలోని మెరోయె. అతడు రథంలో యెషయా గ్రంథం చదువుతున్నాడు. చదువుతున్న భాగానికి మూడు అధ్యాయాల తరువాతనే షండులకు దేవుని మందిరంలో చోటు ఇస్తానన్న వాగ్దానం ఉంది. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం అటువంటివారిని సమాజంలో చేరనివ్వలేదు. తనకు బాప్తిస్మం ఇవ్వడానికి ఆటంకమేమిటని అతడు అడిగినప్పుడు ఫిలిప్పు అతని దేహాన్ని గురించి ఏ షరతూ పెట్టలేదు. కథాసారం చేర్చుకోవడమే. తెలుగు శ్రోత మాత్రం ఆ కథను ఒక తిట్టుపదం ద్వారా వింటున్నాడు.

తొలి ఆఫ్రికా విశ్వాసులలో ఒకరి కథ ఇలాంటిది కాగా, ఆ ఖండంలోనే నేడు బహిష్కరణకు లేఖనాలను ఉదాహరిస్తున్నారు. ఉగాండా 2023లో చేసిన చట్టం కొన్ని స్వలింగ సంబంధాలకు మరణశిక్షను సైతం విధించింది. అదే దేశంలో క్రిస్టఫర్ సెన్యోంజో అనే విశ్రాంత ఆంగ్లికన్ బిషప్ స్వలింగ సంపర్కులకు అండగా నిలిచి, సొంత చర్చి ఆగ్రహానికి గురయ్యారు. దక్షిణాఫ్రికాలో ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ ఈ వివక్షను జాతివివక్షతో సమానంగా ఖండించారు. భారతదేశంలో చర్చిల జాతీయ మండలి కూడా లింగ, లైంగిక వైవిధ్యాలపై చర్చకు వేదిక కల్పించింది.

4. చట్టం, ఆత్మకథ

చట్టభాషలో మార్పు కనిపిస్తుంది. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్ల స్వీయ గుర్తింపు హక్కును అంగీకరించింది. నిజాం కాలపు 1329 ఫసలీ (1919) యూనక్స్ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసింది. సాహిత్యంలో ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాదెమీ అనువాద పురస్కారం లభించింది. ఇతరులు పెట్టిన పేరు కాక, ఆ సముదాయం తన్ను తాను చెప్పుకునే పేరు శీర్షికలో నిలిచింది.

5. పరిమితులు

అలాగని ‘నపుంసకుడు’ ఉన్నచోటల్లా ‘హిజ్రా’ అనో ‘ట్రాన్స్‌జెండర్’ అనో మార్చడం సరికాదు. ప్రాచీన రాజాస్థానాల వ్యవస్థ వేరు, నేటి లింగ గుర్తింపు వేరు. పైగా స్వలింగ ఆకర్షణ ఈ పదాల పరిధిలోనే లేదు. దానిని నిషేధించినట్లు చర్చిలు చూపే వాక్యాలు వేరే ఉన్నాయి. వాటి వ్యాఖ్యానంపై ఏకాభిప్రాయం లేదు. కనుక ఐతియొపీయుని కథ ఒక్కటే అన్ని ప్రశ్నలకూ సమాధానం కాదు.

6. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ఒకటి, పాత అనువాదమే ఒకచోట ‘సారీస్’ను ‘ఉద్యోగస్థుడు’ అన్నది కనుక, ఐతియొపీయుని కూడా ‘రాజోద్యోగి’ అని, ప్రాచీనార్థాన్ని అధస్సూచికలో వివరించడం అనువాద సంప్రదాయానికి విరుద్ధం కాదు. రెండు, ముద్రిత పాఠం మారేవరకు ఆ బాధ్యత వాక్యాన్ని వివరించే సంఘకాపరిది. మూడు, ఎదుట ఉన్న మనిషిని ఆ మనిషి చెప్పుకున్న పేరుతో పిలవడానికి అనువాద సవరణ కోసం ఆగనక్కరలేదు. రేవు మీదా కర్మాగారం మీదా బతికే విశాఖలో ఉద్యోగమే మనిషికి గౌరవాన్నిస్తుంది. తెలుగు సువార్తలు రూపుదిద్దుకున్న ఆ పట్టణంలో ఒక ధనాగారాధిపతిని అతని పదవితో కాక లోపంతో గుర్తుచేసుకోవడం, ఆరాధనకు వచ్చిన హిజ్రాను గుమ్మం దగ్గరే నిలిపివేయడం వంటిది.