ఎక్కడ నిలబడాలో తెలిసినవాళ్లు

2025 జూన్ 28, శనివారం సాయంత్రం. ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ ప్రాంతంలో వర్తీ ఫామ్ అనే పాడిపశువుల పొలం, గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం జరిగే చోటు. అక్కడి పిరమిడ్ స్టేజీ మీద ఆరుంబావుకి ఎవరు పాడతారో కార్యక్రమాల పట్టికలో చెప్పలేదు. ‘ప్యాచ్‌వర్క్’ అని ఒక దొంగపేరు వేసి ఊరుకున్నారు. ఆ పేరు వెనక ఉన్నది పల్ప్ బ్యాండేనని పాత అభిమానులు ముందే పసిగట్టేశారు. ముప్పై ఏళ్ల కిందట, 1995లో, ఇదే పొలంలో శనివారం రాత్రి పాడాల్సిన స్టోన్ రోజెస్ బ్యాండు గిటారిస్టు జాన్ స్క్వైర్ సైకిల్ మీంచి పడి కంటె ఎముక విరగ్గొట్టుకుంటే, ఆఖరి నిమిషంలో పిలుపందుకుని వచ్చి జాతర దోచుకుపోయింది పల్పే. ఆనాడు గాయకుడు జార్విస్ కాకర్ వయసు 31. ఈసారి 61.

ఆయన వయసు పెరిగిందంటే వినేవాళ్ల వయసూ పెరిగినట్టే కదా. 1984లో ది స్మిత్స్ బ్యాండు ఇక్కడ పాడినప్పుడు ఇరవై ఏళ్లున్న కుర్రాడు ఇప్పుడు అరవై దాటాడు. మోకాలు నొప్పి, బీపీ మాత్రల డబ్బా, చదవడానికి వేరే కళ్లద్దాలు. అయినా టెంటు భుజాన వేసుకుని జూన్ ఆఖరి వారానికి గ్లాస్టన్‌బరీ పొలంలో దిగుతాడు. వచ్చేవాళ్లు సుమారు రెండు లక్షలమంది. 2025లో టికెట్టు ధర 373.50 పౌండ్లు, బుకింగు రుసుము పైన ఇంకో 5. అమ్మకం మొదలైన గంటలోపే అన్నీ అయిపోయాయి. పెద్దాయనకి టికెట్టు దొరికిందంటే ఇంట్లో పిల్లలందరూ తలా ఒక ఫోను పట్టుకుని కూర్చున్నారనే అర్థం.

ఈ పెద్దవాళ్లని చూసి నవ్వుకునేవాళ్లున్నారు. వయసు మళ్లినా యావ తీరలేదంటారు. కాస్త దగ్గర్నుంచి గమనిస్తే వేరే సంగతి కనిపిస్తుంది. ఆరుబయట, అంత జనంలో, అంత శబ్దంలో, పాటని పాటగా వినడం ఒక పనితనం. అది ఒంటికి పట్టేసరికి పాతికేళ్లు పడుతుంది. ఆపాటికి మోకాళ్లు అరుగుతాయి, అదొక్కటే చిక్కు.

ముందు ఈ బ్యాండ్ల పాటని పిలిచే ‘ఇండీ’ అన్న మాట సంగతి. ఇప్పుడది ఒక రకం గిటారు మోత పేరుగా చెలామణీ అవుతోంది గాని, మొదట్లో అది సరుకు ఏ దారిన అంగడికి చేరిందో చెప్పే మాట. పెద్ద కంపెనీల గొడుగు కింద లేని చిన్న లేబుళ్ల రికార్డులని ఇండిపెండెంట్ అన్నారు. లండన్‌లో ఒక రికార్డుల కొట్టుగా మొదలైన రఫ్ ట్రేడ్, మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ, ఆ తర్వాత 4ఏడీ, క్రియేషన్ అలాంటి లేబుళ్లే. 1980 జనవరి నుంచి బ్రిటన్‌లో ఇండీ రికార్డులకి విడిగా అమ్మకాల పట్టిక వచ్చింది. అప్పట్లో అందులో చోటు దక్కాలంటే పాట ఎలా ఉందన్నది లెక్కలోకి వచ్చేది కాదు, పెద్ద కంపెనీ పంపిణీ లేకుండా కొట్టుకి చేరిందా లేదా అన్నదే లెక్కగా ఉండేది. ఈ పాటల్ని ఇంటింటికీ చేర్చినవాడు బీబీసీ రేడియో 1లో అర్ధరాత్రి దాకా రికార్డులు తిప్పిన జాన్ పీల్. ఆయన 2004లో పోయాడు. మరుసటి ఏడు గ్లాస్టన్‌బరీలో కొత్త బ్యాండ్ల డేరాకి ఆయన పేరు పెట్టారు. 2023లో దాన్ని ‘వుడ్సీస్’ అని మార్చారు. పాత శ్రోతల నోట ఇంకా ‘పీల్ డేరా’యే పలుకుతుంది, చెన్నైని మద్రాసు అనే మన తాతల్లాగా.

పొలం కథ కూడా చిన్నదేం కాదు. మైకేల్ ఈవిస్ అనే పాడిరైతు 1970 సెప్టెంబరు 19న మొదటిసారి ఇక్కడ పాటకచేరీ పెట్టించాడు. టికెట్టు ఒక పౌండు, పాలు ఉచితం. వచ్చినవాళ్లు 1500 మంది. ముందురోజే లండన్‌లో గిటారిస్టు జిమి హెండ్రిక్స్ చనిపోయాడు. మరుసటి ఏడు ఇనపగొట్టాలతో, రేకులతో మొదటి పిరమిడ్ లేచింది. 1981లో కట్టిన రెండో పిరమిడ్ జూన్‌లో వేదిక, చలికాలంలో ఆవుల కొట్టం. అది 1994లో తగలబడిపోయింది. ఇప్పుడున్నది 2000లో కట్టినది. కొన్నేళ్లకోసారి పొలానికి బీడు సంవత్సరం ఇస్తారు; 2006, 2012, 2018లో పండగ లేదు, గడ్డికీ ఆవులకీ సెలవు. సేద్యం తెలిసినవాడు పెట్టిన సంగీతోత్సవం మరి.

ఇక పనితనం. అనుభవం ఉన్న శ్రోత పొలంలో కాలు పెట్టగానే వెతికేది వేదికని కాదు, సౌండ్ మిక్సర్ ఉన్న గుడారాన్ని. వేదికకి ఎదురుగా, జనం మధ్యలో, చుట్టూ కమ్ములు కట్టిన చిన్న కట్టడం అది. సౌండ్ ఇంజనీరు అక్కడ కూర్చుని, తన చెవికి ఏది బాగుందో దాన్నిబట్టి గిటారు తగ్గించి, గొంతు పెంచి, డ్రమ్ముని సరిచేస్తాడు. అంటే మొత్తం పొలంలో బ్యాండు సరిగ్గా వినిపించే చోటు ఆయన కుర్చీ చుట్టుపక్కలే. కుర్రాళ్లు వేదిక ముందున్న కమ్మి కోసం తోసుకుంటారు. అక్కడ గాయకుడి చెమట కనిపిస్తుంది గాని మాట వినిపించదు. కింద పేర్చిన బాస్ స్పీకర్ల గుద్దుడికి గుండె అదురుతుంది, పైన వేలాడే స్పీకర్ల ధ్వని నెత్తి మీదుగా వెనక్కి పోతుంది. పెద్దవాళ్లు మిక్సర్ గుడారం కమ్మికి వీపు ఆనించి నిలబడతారు. ధ్వని కుదురుగా ఉంటుంది, వెనకనుంచి తోపుడుండదు, నడుముకి ఆసరా. ఒక్క దెబ్బకి మూడు పిట్టలు.

అక్కడా చోటు దొరక్కపోతే వాళ్లు ఇంకా వెనక్కి, వాలు మీదికి ఎక్కుతారు. పిరమిడ్ ముందున్న పొలం పళ్లెంలా వేదిక వైపు దిగుతుంది కాబట్టి వెనక నిలబడ్డా కనిపిస్తుంది. ధ్వని మాత్రం ఆలస్యంగా వస్తుంది. గాలిలో అది సెకనుకి దాదాపు 343 మీటర్లు నడుస్తుంది; వంద మీటర్ల దూరానికి సుమారు 0.3 సెకను పడుతుంది. తెర మీద డ్రమ్మరు కర్ర ముందు దిగుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. దూరంగా ఉన్నవాళ్ల కోసం మధ్యలో ఇంకో వరస స్పీకర్ల స్తంభాలు నిలబెడతారు. వాటికి పంపే ధ్వనిని కావాలనే ఆ కాస్త ఆలస్యం చేస్తారు, వేదిక నుంచి నడిచొచ్చే ధ్వనీ ఇదీ ఒక్కసారే చెవికి చేరాలని. ఆ లెక్క కుదరకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. ఊరి తిరనాళ్లలో నాలుగు వైపులా కట్టిన మైకుల మధ్య నిలబడ్డవాళ్లకి ఈ బాధ తెలుసు. అనుభవజ్ఞుడు రెండు స్తంభాల నడుమ నిలబడడు. ఒకదాని ఎదురుగా, కాస్త వెనక నిలబడతాడు.

సాయంత్రపు సంగతి ఇంకొకటి. ఎండ కాసేటప్పుడు నేలదగ్గరి గాలి వేడెక్కి, ధ్వని పైకి వంగిపోతుంది. పొద్దుగూకాక నేల చల్లబడితే అది కిందికి వంగి దూరం పోతుంది. మధ్యాహ్నం వెనకవాళ్లకి పల్చగా వినిపించిన వేదికే తొమ్మిదిన్నర దాటాక నిండుగా పలుకుతుంది. అందుకే పెద్దవాళ్లు పగలు దగ్గరగా, రాత్రి దూరంగా ఉంటారు. చూసేవాళ్లకి అలిసిపోయి వెనక్కి వెళ్లారనిపిస్తుంది. అలిసిపోయిన మాటా నిజమే.

చెవుల సంగతి చెప్పకుండా ముందుకి పోలేం. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు పనిచేయొచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ గడువు సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గరికొచ్చేసరికి మిగిలేది పావుగంట. ఈ పెద్దవాళ్లు ఇరవై ఏళ్ల వయసులో ఆ లెక్క వినలేదు. చాలామందికి ఇప్పుడు రాత్రి నిశ్శబ్దంలో చెవిలో గుయ్యిమనే మోత. కాబట్టి ఇయర్‌ప్లగ్గు పెట్టుకోవడం వాళ్ల మధ్య సిగ్గుపడే విషయం కాదు. నురగరబ్బరు బిళ్లలు చవకే గాని కీచుధ్వనుల్నే ఎక్కువగా మింగేస్తాయి. పాట దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్ రకం, అన్ని స్థాయిల్నీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తుంది. దాంతో గిటారు గిటారులాగే ఉంటుంది, దూరం మాత్రం పెరిగినట్టుంటుంది. మై బ్లడీ వాలెంటైన్ అనే బ్యాండు వాళ్ల కచేరీల గుమ్మం దగ్గర ఇయర్‌ప్లగ్గులు ఉచితంగా పంచేది. ఒక పాట మధ్యలో ఒకే మోతని నిమిషాల తరబడి మోగించడం వాళ్లకి అలవాటు. వినేవాడి చెవిని వాళ్లే నమ్మలేదన్నమాట.

సంచి సర్దడం చూస్తే మనిషి అనుభవం తెలిసిపోతుంది. మొదటిసారి వచ్చినవాడి సంచిలో బీరు, బ్లూటూత్ స్పీకరు ఉంటాయి. పాతవాడి సంచిలో నాలుగు జతల ఉన్ని మేజోళ్లు, తలకి కట్టుకునే దీపం, మడతపెట్టే చిన్న పీట, మందులకి తడి తగలని డబ్బా, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు. 1997లోనూ 1998లోనూ ఈ పొలం బురదకుండ అయింది; ఆ రెండేళ్లూ వచ్చినవాళ్లు బూట్లు లేకుండా ఇంకెప్పుడూ రారు. మన దగ్గర వరిమడిలోకి చెప్పులు విప్పి దిగుతాం. వాళ్లు తొడుక్కుని దిగుతారు. ఆ బూటు అంచు పిక్కని ఒరుసుకుని రెండోరోజుకల్లా తోలు లేచిపోతుంది కాబట్టి మేజోడుని బూటు అంచు మీదికి మడుస్తారు. ఎవరూ నేర్పరు. తోలు లేచినవాడు నేర్చుకుంటాడు.

టెంటు వేసే చోటు కూడా అంతే. గేట్లు బుధవారం తెరుచుకుంటాయి, అసలు పాటలు శుక్రవారం. కుర్రాళ్లు వేదికకి దగ్గరగా, పల్లంలో వేస్తారు, వాన పడితే నీళ్లు అక్కడికే చేరతాయి. పెద్దవాళ్లు మెరక వెతుకుతారు. మరుగుదొడ్డికి మరీ దగ్గరైతే వాసన, మరీ దూరమైతే రాత్రి మూడింటికి వందల టెంట్ల తాళ్ల మధ్య దీపం పట్టుకుని గంతులు. అరవై దాటిన మగవాడి ప్రణాళికలో సగం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుందంటే అతిశయోక్తి కాదు. కంచె పక్కన కానిచ్చేద్దామంటే కుదరదు. పొలంలో మూత్రం పోస్తే పక్కనున్న వైట్‌లేక్ ఏరు పాడవుతుందని నిర్వాహకులు ఏటా మొత్తుకుంటారు.

అన్నిటికన్నా కష్టంగా అబ్బేది వదులుకోవడం. వేదికలు వంద దాకా ఉన్నాయి. ఒకే గంటలో ముగ్గురు ఇష్టమైనవాళ్లు మూడు మూలల పాడుతుంటారు; ఒక మూల నుంచి ఇంకో మూలకి జనంలో అరగంట పైనే నడక. కొత్తవాడు మూడు చోట్లా ఇరవై నిమిషాలు వింటాడు, అంటే ఏదీ వినడు. పాతవాడు పట్టిక మీద పెన్సిలు పెట్టి కొట్టేయడంతో మొదలుపెడతాడు. రోజుకి నాలుగు బ్యాండ్లు. అందులో ఒకటి కచ్చితంగా పేరు కూడా తెలియని కొత్తది, మధ్యాహ్నం పన్నెండుకి, సగం ఖాళీ డేరాలో. పెద్దవాళ్ల వల్ల ఈ సంప్రదాయానికి జరిగే అసలు మేలు ఇక్కడుంది. కుర్రాళ్లు నిద్ర లేవని ఆ వేళకి, ముందు వరసలో నిలబడి, పాట అయ్యేదాకా కదలకుండా వినేవాళ్లలో నెరిసిన తలలు చాలా కనిపిస్తాయి. వెళ్తూ వెళ్తూ ఒక ఎల్పీ కూడా కొనుక్కుంటారు. స్ట్రీమింగులో పైసలు రాలే ఈ రోజుల్లో చిన్న బ్యాండుకి ఆ ఎల్పీ అమ్మకం పెట్రోలు ఖర్చు.

వీళ్లకి తప్పులు లేవని కాదు. మడతకుర్చీలు జనం మధ్యలో వేసి దారికి అడ్డం పడేవాళ్లున్నారు. కొత్తపాట మొదలవగానే పక్కవాడితో 1986 కబుర్లు చెప్పేవాళ్లున్నారు; ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుని కబుర్లు చెబితే గొంతు ఎంత పెద్దదవుతుందో వాళ్లకి తెలియదు. ఇప్పటివాళ్ల సంగీతంలో పస లేదనే సణుగుడు సరేసరి.

ఆ సణుగుడికి జవాబు 2025 ఆదివారం రాత్రే దొరికింది. ఆ రోజు పిరమిడ్ మీద ఆఖరి కచేరీ ఒలీవియా రోడ్రిగోది, ఆమెకి 22 ఏళ్లు. మధ్యలో ఆమె వేదిక మీదికి పిలిచింది ది క్యూర్ గాయకుడు రాబర్ట్ స్మిత్‌ని. ఆయనకి 66. పెదాలకి అదే చెదిరిన ఎర్రరంగు, అదే పిచ్చుకగూడు జుట్టు. ఇద్దరూ కలిసి ఆయన పాటలు రెండు పాడారు. ముందు వరసల్లో అమ్మాయిలు, వెనక వాలు మీద వాళ్ల నాన్నలు. పాటలో మాటలు ఎవరికి ముందు నోటికొచ్చాయో తేలాలంటే పొలమంతా తిరగాలి.

పొలం మళ్లీ బీడు పడే ఏడు 2026. ఆ ఏటికి పాతకాపుల దారులు చిన్న పండగల వైపు మళ్లుతాయి. చాలామంది చెప్పే పేరు ‘ఎండ్ ఆఫ్ ది రోడ్’. 2006లో మొదలైంది, వేసవి చివర్లో, డార్సెట్, విల్ట్‌షైర్ హద్దులో ఉన్న లార్మర్ ట్రీ గార్డెన్స్‌లో జరుగుతుంది. వేదిక నుంచి వేదికకి నడక కొద్ది నిమిషాలే. 1880లో జనం కోసం వేసిన ఆ పాత తోటలో నెమళ్లు ఇష్టారాజ్యంగా తిరుగుతాయి. ఒక్కో బ్యాండు గిటార్లు శ్రుతి చేసుకునే ఆ కాస్త నిశ్శబ్దంలో ఏదో ఒక నెమలి చెట్టు మీంచి అరుస్తుంది, సౌండ్ ఇంజనీరు తలెత్తి చూస్తాడు, ఆ గొంతు తగ్గించే మీట ఆయన దగ్గర లేదు.