రెండు లెన్సుల ఆఫరు

ఆగస్టు 19న చొప్పదండిలో మా ఫోటోగ్రాఫర్లు ఎప్పటిలాగే లూయీ డాగురే పటానికి పూలదండ వేశారు. 1839లో అదే తారీఖున ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయన ఫోటో పద్ధతిని లోకానికి వెల్లడించింది. పారిస్‌లో ఆ రోజు ఆయన్ను ఎవరైనా తలుచుకుంటారో లేదో గానీ కరీంనగర్ జిల్లా మండల కేంద్రాల్లో మాత్రం దండ తప్పదు. పండ్ల పంపిణీ, సీనియర్లకు శాలువాలు, చివర్లో అందరూ కలిసి ఒక గ్రూప్ ఫోటో. ఆ ఫోటో ఎవరు తీయాలన్న దాని మీద పది నిమిషాల పంచాయితీ. నాకు ఈ పండుగ ఇష్టం. విశ్వకర్మను పక్కన పెడితే, తన పనిముట్టు కనిపెట్టినవాడికి ఏటా దండ వేసే వృత్తి ఇంకేదుంది?

చిరాకు పెట్టింది ఆ తర్వాతిది. శాలువాలు మడతపెట్టక ముందే ఒక పిలగాడు ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు. ఏదో దుకాణం ప్రకటన. డీఎస్ఎల్ఆర్ కెమెరా, దాంతోపాటు రెండు లెన్సులు, బ్యాగు, ట్రైపాడ్, నెలనెలా కిస్తీ.

"కాకా, చేతిల ముప్పై వేలున్నయ్. మిగిలింది కిస్తీలు కడ్త. తీసుకోవాల్నా?"

"దీంతోని ఏం తీస్తవ్ రా?"

"అన్నీ తీస్త."

కిస్తీల మీద నా అభిప్రాయం ఈ కాలమ్ చదివేవాళ్లకు కంఠస్థం, మళ్లీ పాడను. నా బాధ ఆ రెండో లెన్సు గురించి. మొదటిది 18-55, కంపెనీ ఎలాగూ ఇచ్చేది. రెండోది పొడుగు గొట్టం, 55-250 లాంటిది. కొన్న వారం పాటు డాబా ఎక్కి చందమామను తీస్తారు. తర్వాత కొండగట్టు గుట్ట మీద ఒక కోతిని తీస్తారు. ఆ తర్వాత అది బ్యాగులో పడి ఉండి, వానాకాలం తేమకు లోపల ఫంగస్ పట్టిందాకా బయటికి రాదు. పిట్టలు తీసే పిచ్చి ఉన్నవాడికి అది పనికొచ్చే మాట నిజమే. కానీ బెజ్జూరు అడవిలో రాబందులు గూళ్లు పెట్టిన పాలరాపు గుట్టకు పోతే ఆ 250 కూడా పొట్టిదే. దగ్గరికి పనికిరాదు, మరీ దూరానికి సరిపోదు.

ఇక రెండో ముచ్చట. పక్కనున్న పెద్దమనిషి ఒకాయన "డీఎస్ఎల్ఆర్ పని అయిపోయింది తమ్మీ, మిర్రర్‌లెస్ తీసుకో" అని సలహా పడేశాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానన్ వాళ్ల పెద్ద కెమెరా 1డీఎక్స్ మార్క్ త్రీ, నికాన్ వాళ్ల డీ6, రెండూ 2020లోనే వచ్చాయి. వాటి తర్వాత ఆ తరహా కొత్తది రాలేదు. కొత్త లెన్సులన్నీ మిర్రర్‌లెస్‌కే. పెళ్లిళ్లు తీసేవాళ్లు ఒక్కొక్కరుగా అటు మారుతున్నారు. మారినవాళ్లు పాత కెమెరాలు ఏం చేస్తారు? అమ్ముతారు. అందుకే చేతిలో ముప్పై వేలే ఉన్నవాడికి ఇదే మంచి కాలమని నేనంటాను. అద్దం ఉన్న కెమెరా ఫ్యాషన్ పోయింది గానీ ఫోటో తీయడం మానలేదు. 2010లో వచ్చిన నికాన్ డీ7000, 2013లో వచ్చిన కానన్ 70డీ ఒకప్పుడు మనం దుకాణం అద్దాల్లోంచి చూసి వచ్చినవే. ఇప్పుడు అవి వాడిన సరుకుగా మన అందుబాటుకు దిగొచ్చాయి.

మెగాపిక్సెల్ భయం కూడా తీసేద్దాం. కరిజ్మా ఆల్బమ్ ఒక పేజీ 12 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు. 2008 నాటి డీ90 ఇచ్చే ఫోటో అడ్డంగా 4288 చుక్కలు. 18తో భాగిస్తే అంగుళానికి 238 చుక్కలు. పెళ్లికొడుకు మేనమామ ఆల్బమ్‌ను ముక్కుకు ఆనించుకుని చూసినా చుక్క కనబడదు. ఆ కెమెరా 12 మెగాపిక్సెళ్లదే. కాబట్టి బాడీ మీద డబ్బు పోయకు, లెన్సు మీద పెట్టు అన్నది నా పాత పాట. పాత పాఠకులకు ఆ లెన్సు పేరు కూడా తెలుసు: ఫిఫ్టీ. 50 ఎంఎం, 1.8.

ఫిఫ్టీ మీద ప్రేమ నాకు ఎక్కడ అంటుకుందో చెప్పాలి. నా చిన్నప్పుడు బస్టాండు పక్క స్టూడియోలో ఒక పెంటాక్స్ కె1000 ఉండేది. 1976 నుంచి 1997 దాకా కంపెనీ దాన్ని పెద్దగా మార్చకుండా చేస్తూనే పోయింది, అంత గట్టి మొండి కెమెరా. దాని మూతికి ఒకే ఒక్క లెన్సు, 50 ఎంఎం. వేరే లెన్సు ఒకటుంటుందని ఆ స్టూడియో అన్నకు తెలుసు గానీ కొనే ఆలోచన ఉండేది కాదు. ముందు గదిలో జలపాతం బొమ్మ వేసిన పరదా, ఒక దువ్వెన, పౌడరు డబ్బా, పగిలిన అద్దం. వెనుక చీకటి గదిలో ఎర్రబల్బు, హైపో వాసన. బ్లాక్ అండ్ వైట్ తను కడిగేవాడు, కలర్ రీలు మాత్రం కరీంనగర్‌కు పంపేవాడు. ట్రేలోని తెల్ల కాగితం మీద మొదట కండ్లు, వెంట్రుకలు వచ్చేవి, తర్వాత మీసం, అన్నిటికన్నా చివర చెంపలు. రేషన్ కార్డు ఫోటోకు వచ్చిన ముసలమ్మ అయినా, పెండ్లి చూపులకు ఫోటో దిగే పిల్ల అయినా, అదే వరస.

పెళ్లిళ్లకు రీళ్ల లెక్క. రీలుకు 36 ఫోటోలు, జాగ్రత్తగా ఎక్కిస్తే 37. "ఎన్ని రీళ్ల పెండ్లి?" అని అడిగితే ఇంటాయన హోదా తెలిసిపోయేది. జీలకర్ర బెల్లానికి రెండు, తలంబ్రాలకు నాలుగు, భోజనాల దగ్గర ఉత్త ఫ్లాష్ కొట్టేవాడు. అవును, రీలు తిప్పకుండా ఫ్లాష్ మాత్రం వెలిగించేవాడు. పిల్లలు మురిసేవారు, రీలు మిగిలేది. చివరి మూడు ఫోటోలు అప్పగింతలకు దాచేవాడు, పెండ్లికూతురు తండ్రి ఏడుపు దొరక్కపోతే డబ్బులు రావని ఆయన నమ్మకం. గ్రూప్ ఫోటో అయితే వరస మొత్తం పట్టేదాకా వెనక్కి నడిచేవాడు. కన్ను కెమెరాకు ఆనించి అట్లనే వెనక్కి, వెనక్కి. "అన్నా, బాయి ఉన్నది సూసుకో" అని ఎవరో ఒకరు అరిచేవాళ్లు. జూమ్ చేయడమంటే ఆయనకు కాళ్లతో చేసే పని. మా ఇంట్లో గోడమీదున్న ఫోటోలన్నీ ఆ కె1000వే. వాటిలో నవ్వులు ఈ డ్రోన్ల కాలంలో నాకు దొరకడం లేదు.

అందుకని నేను చెప్పబోయింది తయారుగానే ఉంది: పాత బాడీ ఒకటి, ఫిఫ్టీ ఒకటి, పోయి తీసుకో. దానికి ఇంకో పెద్ద కారణం సద్దుల బతుకమ్మ. వరంగల్లు భరత్ భూషణ్ 2022 జనవరిలో పోయేదాకా తీసిన బతుకమ్మ ఫోటోలు చూసి పెరిగిన పిలగాడు ఎవడైనా, కెమెరా రాగానే ఆ రాత్రి కోసమే ఎదురుచూస్తాడు. చీకటి పడ్డాకే ఆట ఊపందుకుంటుంది. ఆటలో చేతులు ఆగవు. కంపెనీ 18-55 లెన్సును కొసదాకా తిప్పితే దాని రంధ్రం 5.6. ఫిఫ్టీది 1.8. లెక్కేస్తే వెలుతురు దాదాపు పదింతలు. అక్కడ సెకనులో 30వ వంతు పెట్టి చప్పట్లన్నీ అలికేసినట్టు వచ్చే చోట, ఇక్కడ 250వ వంతు పెట్టి వేళ్లకున్న పసుపు దాకా పట్టవచ్చు. సగటు లెన్సుకూ వెలుగు లెన్సుకూ ఉన్న తేడా ఇదే, మిగతావన్నీ డబ్బా మీద రాతలు.

ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆపింది ఆ రోజు గ్రూప్ ఫోటోనే.

ఫోటోగ్రాఫర్లు వరసగా నిలబడ్డారు, ముందు వరసలో ఎనిమిది మంది. పదమూడు అడుగుల వెడల్పు వేసుకోండి. మా స్టూడియో అన్న కె1000లో రీలు ముక్క 36 ఎంఎం వెడల్పు. దాని మీద ఫిఫ్టీతో ఆ వరస పట్టాలంటే 18 అడుగులు వెనక్కి పోతే చాలు. మన చవక డీఎస్ఎల్ఆర్‌లో సెన్సర్ చిన్నది, కానన్‌లో 22.3 ఎంఎం. అదే ఫిఫ్టీతో అదే వరసకు 29 అడుగులు పోవాలి. చొప్పదండిలో ఏ ఇంటి వాకిట్లో 29 అడుగులుంది? వాకిలి దాటి, మోరీ దాటి, ఎదురింటాయన గేటు తోసుకుని లోపలికి పోవాలి. 18-55ను 18 దగ్గర పెడితే పదిన్నర అడుగులు. షామియానా గుంజ దగ్గరే నిలబడి తీయవచ్చు. అంటే నేను ప్రేమించిన ఆ ఫిఫ్టీ ఈ కెమెరాల మీద ఫిఫ్టీ కానే కాదు, 80కి దగ్గరి లెన్సు. ఒక్క మొహానికి బ్రహ్మాండం. పెళ్లి పందిట్లో, పూజగదిలో, పెండ్లికూతుర్ని చేసే ఇరుకు అర్రలో గోడకు వీపు ఆనించి బిక్కమొహం వేయాలి. పాత ఫిఫ్టీకి సమానమైనది కావాలంటే 35 కొనాలి. నికాన్ 2009లో తెచ్చిన 35, 1.8 అట్లాంటిదే. కానన్‌లో అంత చవకగా ఆ వెలుతురుతో దొరకదు.

బతుకమ్మ దగ్గర కూడా ఫిఫ్టీ అడిగే వెల ఒకటుంది. 1.8 తెరిచి మూడు మీటర్ల దూరం నుంచి తీస్తే ఫోకస్ ఉండేది జానెడు మందం. ఆడుతున్న వాళ్లలో ఒక్కామె మొహం తప్ప ముందరి బతుకమ్మ కూడా మసక. అది కావాలని తీసేవాడికి అందం. అమ్మ, అక్క, వదిన ముగ్గురూ కనపడాలని అడిగే ఇంటివాళ్లకు మాత్రం తప్పు ఫోటో.

అసలు ప్రశ్న ఆ పిలగాడు నన్ను అడగనే లేదు, నేనే అడిగాను. "ఇప్పుడు ఎవరి దగ్గర పనిచేస్తున్నవ్?" మన దగ్గర ఏ పిలగాడూ కెమెరా కొనగానే పెళ్లి ఒప్పుకోడు. ముందు ఒక సీనియర్ దగ్గర లైటు పడతాడు, బ్యాగు మోస్తాడు, సీజన్ గడిచాక క్యాండిడ్ తీయమని ఒక మూల నిలబెడతారు. వీడు లైటు పట్టే ఆయన దగ్గర ఉన్నవన్నీ కానన్ లెన్సులు. ఫిఫ్టీ ఉంది, 85 ఉంది, పెద్ద తెల్లది కూడా ఉంది.

ఇక్కడ తేలిపోయింది కదా. నికాన్ రంగులు బాగుంటాయా, కానన్ చర్మం బాగా చూపిస్తుందా అని టీ కొట్టు దగ్గర జరిగే యుద్ధాలన్నీ పక్కకు. ఎవరి చేతి కింద పనిచేస్తున్నావో వాళ్ల కంపెనీ బాడీ తీసుకో. పందిట్లో ఆయన లెన్సు ఇస్తే నీ కెమెరాకు పట్టాలి. అడిగితే దొరికే ఫిఫ్టీని ఎందుకు కొనడం? కాబట్టి ఇన్నేళ్లు నేను మెచ్చిన లెన్సును వదిలి, నేను పెద్దగా లెక్కచేయని 18-55తోనే మొదలుపెట్టమన్నాను. నికాన్ వాళ్ల దగ్గర చేరినవాడికి ఒక హెచ్చరిక మాత్రం ఉంది. డీ3000, డీ5000 సిరీస్ కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. చవకగా వచ్చిందని పాత 50 డీ లెన్సు తగిలిస్తే చేత్తో తిప్పుకుంటూ ఉండాలి, తాళి కట్టేటప్పుడు ఆ పని కుదరదు.

మరి మిగిలిన డబ్బు? ఫ్లాష్. దీని మీద నాతో ఒప్పుకునేవాళ్లు తక్కువ. సహజమైన వెలుతురులో తీయాలి, ఫ్లాష్ మోటు అని ఈ మధ్య అందరూ అంటున్నారు. స్లాబు ఇంట్లో తెల్ల సున్నం కప్పుకు ఫ్లాష్ ఎత్తి కొడితే వచ్చే వెలుతురు చూసి మాట్లాడమనండి. ఆ మెత్తదనానికి 18-55 కూడా పెద్ద లెన్సులాగే తీస్తుంది. షామియానా కింద మాత్రం ఆ తెలివి పనిచేయదు. ఎరుపు, పసుపు గుడ్డకు కొట్టిన వెలుతురు ఆ రంగుతోనే కిందికి దిగి పెళ్లికొడుక్కి కామెర్లు తెప్పిస్తుంది. అక్కడ ఫ్లాష్‌ను కెమెరా మీంచి దింపి, ట్రిగ్గర్ పెట్టి, పక్కవాడి చేతికివ్వాలి. మనవాడు ఇన్నాళ్లూ లైటు పట్టి నేర్చింది అదే. బాడీ ఎంచుకునేటప్పుడు ఇదొక్కటి చూడండి: కానన్ 200డీ మార్క్ టూ పైన ఫ్లాష్ తగిలించే గాడిలో మధ్య పిన్ను ఉండదు. ఆ ఒక్క పిన్ను మీదే నడిచే చవక ఫ్లాష్‌లూ ట్రిగ్గర్లూ దాని మీద వెలగవు. బుల్లి కెమెరా, ముద్దుగా ఉంది అని తీసుకున్నవాళ్లు మొదటి రాత్రి ఫంక్షన్‌కే తల పట్టుకుంటారు.

వాడిన సరుకు చూసే పద్ధతి త్వరగా చెప్పేస్తా. కోఠి గుజరాతీ గల్లీకి పోయినా, తెలిసినవాళ్ల దగ్గర తీసుకున్నా ఇవే పరీక్షలు. లెన్సు వెనుక నుంచి మొబైల్ లైటు వేసి ముందు నుంచి చూడాలి. సాలెగూడులాంటి పోగులు కనబడితే ఫంగస్, ధర తగ్గిస్తానన్నా వద్దు. రంధ్రాన్ని 16 దగ్గర పెట్టి ఖాళీ ఆకాశం తీసి పెద్దది చేస్తే సెన్సర్ మీద దుమ్ము నల్ల చుక్కలై బయటపడుతుంది, అది తుడిపించుకోవచ్చు. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నికాన్‌లో ఫోటో ఫైల్‌లోనే రాసి ఉంటుంది. కానన్‌లో చాలా మోడళ్లకు అట్లా కనబడదు. అందుకని అది పెళ్లిళ్లు తిరిగిందా, ఇంట్లో పండిందా అని రబ్బరు గ్రిప్పు చూసి పోల్చుకోవాలి. పెళ్లి కెమెరా బొటనవేలు దగ్గర నున్నగా అరిగి ఉంటుంది. ముఖ్యంగా నీ బ్యాటరీతో కాదు, అమ్మేవాడి బ్యాటరీతోనే అరగంట కొట్టి చూడు.

ఇంకా నాలుగు పైసలు మిగిలితే రెండో బ్యాటరీ, రెండు మెమరీ కార్డులు. ఒకే పెద్ద కార్డు వద్దు. చిన్న కెమెరాలో కార్డు గూడు ఒక్కటే ఉంటుంది, అది కొట్టేస్తే పెళ్లంతా పోయినట్టే. తలంబ్రాలు కాగానే కార్డు మార్చి, మొదటిది జేబులో వేసుకుని గుండీ పెట్టుకోవాలి. భోజనాల కార్డు పోయిందంటే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, అయినా మా స్టూడియో అన్న వాటిని ఎప్పుడు తీసిండు గనుక!