ముందు వెనకలు మారని పరుగు

ఇటలీలోని అంబ్రియా కొండల్లో గుబ్బియో అనే పాత ఊరు ఉంది. ఏటా మే 15న అక్కడ జరిగే పరుగులో ఎవరు ముందుంటారో, ఎవరు వెనకుంటారో ఊళ్లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ముందు సెయింట్ ఉబాల్దో, తర్వాత సెయింట్ జార్జి, చివర సెయింట్ ఆంథొనీ. ఈ వరస మారదు. ముందువాళ్లను దాటిపోవడమన్నది ఈ పరుగులో లేనే లేదు. అయినా ఆ రోజు ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. పనుల మీద ఊరు విడిచి వెళ్లినవాళ్లు సైతం ఆ ఒక్క రోజుకైనా తిరిగొస్తారు. గెలుపోటములు ముందే తేలిపోయిన పరుగు కోసం ఇంత ఆరాటం ఎందుకో తెలియాలంటే, వాళ్లు మోసేదేమిటో, ఎలా మోస్తారో చూడాలి.

వసంతకాలంలో యూరప్ యాత్రకు వెళ్లేవాళ్లకు మధ్యయుగపు దుస్తులు కట్టి చేసే ఉత్సవాలు చాలా ఊళ్లలో తారసపడతాయి. గుబ్బియోలో ఆ కాలాన్ని అభినయించి చూపించాల్సిన అవసరమే లేదు. ఆనాడు మొదలైన మొక్కును ఇవాళ్టికీ తీరుస్తూనే ఉన్నారు.

ఉబాల్దో ఈ ఊరి బిషప్పు. 1155లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా సేనలతో వచ్చినప్పుడు ఎదురువెళ్లి, నచ్చజెప్పి ఊరిని కాపాడాడని ప్రతీతి. 1160 మే 16న కన్నుమూశాడు. 1192లో పోపు ఆయనను పునీతుడిగా ప్రకటించారు. రెండేళ్లకు ఆయన దేహాన్ని ఊరి నెత్తిన ఉన్న ఇంజినో కొండ మీదికి చేర్చారు. వర్ధంతికి ముందురోజు వృత్తి సంఘాలవాళ్లు మైనపు దీపాలు సమర్పించుకునేవారు. 16వ శతాబ్దం చివరికి ఆ మైనం స్థానంలో కొయ్య నిర్మాణాలు వచ్చాయి. వాటినే 'చేరో'లు అంటారు. ఉబాల్దో తాపీమేస్త్రీలకు, జార్జి వర్తకులకు, చేతిపనివారికి, ఆంథొనీ రైతులకు అండ. వాళ్ల చొక్కాల రంగులు వరసగా పసుపు, నీలం, నలుపు. తెల్ల ప్యాంటు, ఎర్రటి నడికట్టు, మెడలో ఎర్ర రుమాలు మాత్రం ముగ్గురికీ ఒకటే.

ఒక్కో చేరో అంటే ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన ఎనిమిది పలకల కొయ్య స్తంభాలు రెండు. కొసన పునీతుడి చిన్న విగ్రహం. అడుగున భుజాలకెత్తుకోవడానికి అడ్డకొయ్యల చట్రం. అంతా కలిపి సుమారు 5 మీటర్ల ఎత్తు, 300 కిలోలకు దగ్గర బరువు. కోనసీమలో కనుమనాడు ప్రభలను భుజాన వేసుకుని చేల మీదుగా, కాలువలోంచి మోసుకెళ్లేవాళ్లను చూసినవారికి ఈ బరువు ఎలాంటిదో వెంటనే అర్థమవుతుంది. గుబ్బియోవాళ్లు దాన్ని పరుగెత్తుతూ మోస్తారు.

పొద్దున్నే వీధుల్లో డప్పులు మోగుతాయి. 14వ శతాబ్దపు కొన్సొలి భవనం గోపురంలో పెద్ద గంట ఉంది. దాన్ని తాడుతో లాగరు. గంట కొట్టేవాళ్లు వెనక్కి వాలి, కాళ్లతో తన్నుతూ దాన్ని ఊపుతారు. ఆ మోత కింద మైదానంలో నిలబడ్డవాళ్ల గుండెల్లో తగులుతుంది.

మధ్యాహ్నం 12 గంటలకు పియాజ్జా గ్రాందే అనే ఆ మైదానంలో చేరోలను లేపుతారు. మొత్తం పండుగలో దగ్గరగా చూడదగ్గ పనితనం ఇదే. స్తంభం ఇంకా పడుకుని ఉంటుంది. దాని మొదలును చట్రంలో దూర్చి చీలలు బిగిస్తారు. 'కపొదియేచి' అనే నాయకుడు చట్రం మీదికెక్కి, పింగాణీ కూజాలో నీళ్లు ఆ అతుకు మీద పోస్తాడు. తడిసిన కొయ్య ఉబ్బి మరింత బిగుస్తుంది. తర్వాత కూజాను గుంపులోకి విసిరేస్తాడు. పగిలిన పెంకు దొరికితే అదృష్టమని జనం దాని మీద పడతారు. గంట సైగ రాగానే నాయకుడు తన బరువంతా ముందుకు వేస్తాడు, మిగతావాళ్లు వెనకనుంచి ఎత్తుతారు. రెప్పపాటులో స్తంభం నిటారుగా లేస్తుంది. అదే ఊపులో మూడు చేరోలూ మైదానం మధ్యనున్న ధ్వజస్తంభం చుట్టూ మూడేసి ప్రదక్షిణలు చేస్తాయి.

అసలు పరుగు సాయంత్రం 6 గంటలకు. నాలుగు కిలోమీటర్లకు పైగా దూరం. మొదట ఊళ్లో వాలు వీధులు, ఇరుకు మలుపులు, చివర కొండ మీది బాసిలికా దాకా 300 మీటర్ల ఎక్కుడు. ఏ జట్టూ ఈ దూరమంతా మోయలేదు. పట్టుమని వంద మీటర్లు కూడా పోకముందే భుజాలు మారాలి. చేరో ఆగదు. కొత్తవాళ్లు పక్కనుంచి పరుగెత్తుకొచ్చి, పాతవాళ్లు తప్పుకునే క్షణంలోనే భుజం దూరుస్తారు. ఎవరు ఏ మలుపులో అందుకోవాలో ముందే ఖాయమై ఉంటుంది. ఎదురెదురు కొయ్యలకు సమానమైన ఎత్తున్నవాళ్లను కుదుర్చుకుంటారు. లేకపోతే బరువు ఒకవైపుకి ఒరుగుతుంది. మోసేవాడి పక్కనే ఇంకొకడు చేయి పెనవేసి పరుగెత్తుతాడు, ఆ మనిషి తూలకుండా నిలబెట్టడమే అతని పని. ముందున్న నాయకుడు కేకతో వేగాన్ని, దిశను నడిపిస్తాడు. వెనకున్నతను తోక అదుపు తప్పకుండా చూసుకుంటాడు. దిగుడు వీధిలో స్తంభం ముందుకు వాలితే మళ్లీ నిలబెట్టడం చాలా కష్టం, అందుకే నిజమైన భయం ఎక్కుడులో కంటే దిగుడులోనే.

ఈ పరుగులో ఘనత ఎక్కడుందో ఇప్పుడు తెలుస్తుంది. చేరో వాలకుండా, పడకుండా, ముందుదానికి దూరం కాకుండా వెళ్లిందా అన్నదే లెక్క. కొండ మీద మాత్రం ఒక పోటీ ఉంది. ఉబాల్దో జట్టు తమ చేరోను వంచి బాసిలికా లోపలికి తీసుకెళ్లి, జార్జి జట్టు రాకముందే తలుపు వేయాలని చూస్తుంది. తలుపు వేయడానికి సందు దొరకనంత దగ్గరగా రావాలని జార్జి జట్టు ప్రాణం పెట్టి పరుగెత్తుతుంది. ఆ తర్వాత ఏడాదంతా ఆ తలుపు గురించే మాట్లాడుకుంటారు.

చూసినంతసేపూ నన్ను పట్టి నిలిపింది ఒక్కటే. ఇక్కడ ఒంటరి వీరుడికి చోటు లేదు. ఎంతటి బలవంతుడైనా కాసేపటికి భుజం ఇచ్చేయాలి. ఇచ్చేటప్పుడు అందుకునేవాడు ఉన్నాడన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకాన్ని ఎవరూ పుస్తకంలో రాసి నేర్పలేరు. అందుకే గుబ్బియోవాళ్లు ఎక్కడికి వెళ్లినా ఈ పరుగును వెంట తీసుకెళ్లారు. 1917లో కోల్ ది లానా యుద్ధరంగంలో ఉన్న సైనికులు అక్కడే చేరోలు చేసుకుని పండుగ జరిపారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని జెస్సప్ పట్టణంలో, అక్కడ స్థిరపడిన గుబ్బియో కుటుంబాల వల్ల, నేటికీ ఉబాల్దో పరుగు జరుగుతోంది. అంబ్రియా ప్రాంత అధికార చిహ్నంలో ఉన్నవి కూడా ఈ మూడు చేరోలే. 2020, 2021 సంవత్సరాల్లో మహమ్మారి వల్ల పరుగు ఆగిపోయినా, మళ్లీ మొదలుపెట్టడానికి ఎవరికీ కొత్తగా నేర్పాల్సిన పని పడలేదు.

వెళ్లాలనుకునేవాళ్లు రోమ్ నుంచి అంకోనా వైపు వెళ్లే రైల్లో ఫొస్సాతో ది వికో స్టేషన్‌లో దిగి బస్సెక్కాలి. మధ్యాహ్నం పియాజ్జా గ్రాందేలో ఊపిరాడనంత జనం ఉంటారు, పసిపిల్లలతో లోపలికి వెళ్లకండి. సాయంత్రం వీధి అంచున గోడకు ఆనుకుని నిలబడండి. ఫోటో కోసం దారిలోకి వస్తే మీకే కాదు, మోసేవాళ్లకూ ప్రమాదం.

వీలుంటే జూన్ 2 దాకా ఉండండి. ఆ రోజు ఊళ్లో చిన్నపిల్లలు తమకు తగ్గ చిన్న చేరోలతో ఇదే పరుగు తీస్తారు. మే 15 తర్వాతి ఆదివారం కాస్త పెద్ద పిల్లల వంతు. నీళ్లు పోయడం, లేపడం, భుజం మార్చడం, నాయకుడి కేక వినడం అన్నీ అక్కడే నేర్చుకుంటారు. సంప్రదాయాల్ని కాపాడుకోవాలని మనం తరచూ అంటుంటాం. చూడడానికి వచ్చేవాళ్లు ఎంతమంది పెరిగినా ఆ పని జరగదు. చేసేవాళ్లు తయారైతేనే జరుగుతుంది, దానికి పిల్లల చేతికి నిజమైన పని ఇవ్వాలి. గుబ్బియో ఇన్ని వందల ఏళ్లుగా నిలబడింది ఆ పని మానకపోవడం వల్లే.