గామాకిరణ విస్ఫోటం: మన వార్తలు చెప్పని దిక్కు

2022వ సంవత్సరం అక్టోబరు మూడవ వారంలో, ఆర్మూరులో నేను పదవ తరగతికి విజ్ఞానశాస్త్రం చెబుతుండగా ఒక విద్యార్థిని పత్రికనుంచి కత్తిరించిన వార్తాఖండం ఒకటి తెచ్చింది. అంతరిక్షంలో ఇంతవరకు ఎన్నడూ కనని మహావిస్ఫోటం జరిగిందనీ, సూర్యుడు తన జీవితకాలమంతటిలో వెలువరించే శక్తికి మించిన శక్తిని అది కొన్ని క్షణాలలో వెదజల్లిందనీ, శాస్త్రజ్ఞులు దిగ్భ్రాంతి చెందారనీ అందులో ఉన్నది. ఆ పిల్ల అడిగింది ఒక్కటే: "ఇది ఏ దిక్కునుంచి వచ్చింది సార్?"

వార్తను మళ్లీ చదివాను. దిక్కు అన్న మాటే అందులో లేదు. అమెరికావారి ఉపగ్రహం చూసింది గనుక అటువైపు ఆకాశంలో జరిగి ఉంటుందని ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ జవాబు శుద్ధ తప్పు. ఎంత తప్పో తరువాత లెక్క వేసుకున్నప్పుడు గాని తెలియలేదు. ఆ తరువాత ఈ విషయంపై తెలుగులో వచ్చిన రచనలు దొరికినన్ని పోగుచేసి చదివాను. వాటి గుణదోషాలను ఉపాధ్యాయ మిత్రుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ శక్తి సంగతి. ఈ పోలిక అన్ని రచనలలోనూ ఉన్నది. పోలిక ఆకర్షణీయమైనదే గాని, దానిలో దాగిన ఊహను ఎవరూ బయటపెట్టలేదు. మనకు అందిన కాంతిని కొలిచి, అంతే కాంతి అన్ని దిక్కులకూ సమంగా పోయిందనుకుంటే వచ్చే సంఖ్య అది. నిజానికి ఈ విస్ఫోటాలలో వెలుగు సన్నని ధారగా, టార్చిలైటు వెలుగువలె, ఒక దిక్కుకే పోతుంది. ధారకు ఎదురుగా ఉన్నవాడు నాలుగు దిక్కులా అంతే వెలుగు ఉన్నదనుకుని లెక్కవేస్తే బ్యాటరీ శక్తిని ఎన్నో రెట్లు పెంచి చెప్పినట్లు అవుతుంది. ఈ ఒక్క వాక్యం చేర్చి ఉంటే విద్యార్థికి ఆశ్చర్యంతోబాటు ఆలోచన కూడా కలిగేది.

"గత ఆదివారం జరిగిన విస్ఫోటం" అని ఒకరు రాశారు. జరిగినది ఆదివారం కాదు; ఆదివారం మనకు అందింది. ఆ కాంతి సుమారు 190 కోట్ల సంవత్సరాలు ప్రయాణించి వచ్చింది. "భూమికి పొంచి ఉన్న ముప్పు" అని మరొకరి శీర్షిక. గామాకిరణాలను మన వాతావరణం పైనే ఆపివేసింది. ఐతే ఆ దెబ్బకు అయనావరణం కొంత కలతచెందిన మాట నిజం. మనదేశంలో మెరుపులను గుర్తించడానికి పెట్టిన పరికరాలు సైతం ఆ కలతను పసిగట్టాయి. ఇంత చక్కని విషయాన్ని వదిలి ముప్పు అని బెదిరించడం దేనికో నాకు బోధపడలేదు.

ఇక దిక్కు మాట. ఆ విస్ఫోటం పేరు జీఆర్‌బీ 221009ఏ. ఈ పేరు 22వ సంవత్సరం, 10వ నెల, 9వ తేదీ అన్న గుర్తులే. ఫెర్మీ ఉపగ్రహం దానిని పసిగట్టినది మన గడియారం ప్రకారం సాయంత్రం 6 గంటల 47 నిమిషాలకు. ఆనాడు పౌర్ణమి. ఆకాశంలో ఆ స్థానం శరమండలమనే చిన్న నక్షత్ర మండలంలో, శ్రవణానికీ అభిజిత్తుకూ నడుమ ఉన్నది. దాని క్రాంతి ఉత్తరంగా దాదాపు 20 డిగ్రీలు. ఆర్మూరు అక్షాంశం 19 డిగ్రీలకు కొంచెం తక్కువ. ఆ నిమిషాన మా ఊరి ఆకాశంలో ఆ బిందువు ఎక్కడుండేదో నక్షత్ర కాలమానంతో ఎవరైనా లెక్కించవచ్చు. నాకు వచ్చిన జవాబు ఇది: నడినెత్తికి పడమరగా 7 డిగ్రీలు. అంటే మానవుడు పరికరాలతో కొలిచిన గామాకిరణ విస్ఫోటాలలో అన్నిటికంటె ప్రకాశవంతమైనది అందిన వేళ, అది సరిగా మా సిద్ధుల గుట్ట మీద, పచ్చగా ఎదిగిన పసుపు చేల మీద, దాదాపు నిటారుగా పడింది. నేనేమో అమెరికావైపు అని చెప్పాను.

ఇక్కడ ఒక సందేహం రావాలి. గామాకిరణాలను మామూలు కటకాలతో గాని దర్పణాలతో గాని ఒకచోటికి వంచి బొమ్మ కట్టలేము. స్ఫటికం మీద పడితే మెరుపు పుడుతుంది, మెరుపులు లెక్కపెట్టవచ్చు. లెక్క తెలిసినంత మాత్రాన దిక్కు తెలుస్తుందా? ఈ శాస్త్రశాఖ చరిత్రలో సగం ఈ ప్రశ్న చుట్టూ తిరిగినదే. నేను చదివిన రచనలలో ఏ ఒక్కటీ దీనిని ముట్టుకోలేదు.

తరగతిలో నేను ఇప్పుడు ఇలా చెబుతున్నాను. ఎక్కడో బండలు పేల్చారు. ఒక పిల్లవాడు ఇక్కడ, ఇంకొకడు మూడు కిలోమీటర్ల దూరంలో గడియారాలు పట్టుకుని ఉన్నారు. ధ్వని సెకనుకు 340 మీటర్లు పోతుంది. ఇద్దరికీ ఒకే క్షణాన వినిపిస్తే పేలుడు వారిని కలిపే గీతకు అడ్డంగా జరిగిందన్నమాట. దాదాపు 9 సెకన్ల తేడా ఉంటే ఆ గీత కొనసాగే వైపే జరిగింది. మధ్య తేడాలకు మధ్య కోణాలు. ఇద్దరు చాలరు, మూడవవాడు ఉంటే చిక్కు చాలావరకు విడిపోతుంది. ఆకాశంలోనూ ఇదే పద్ధతి. రెండు ఉపగ్రహాలు ఆకాశం మీద ఒక వలయాన్ని ఇస్తాయి. మూడు ఉంటే వలయాలు ఖండించుకునే రెండు బిందువులు మిగులుతాయి.

అమెరికా ప్రభుత్వం రహస్య అణుపరీక్షలను కనిపెట్టడానికి పంపిన వేలా ఉపగ్రహాలు 1967 జూలై 2న మొదటి విస్ఫోటాన్ని నమోదు చేశాయి. అవి భూమికి లక్ష కిలోమీటర్లకు పైబడిన దూరంలో తిరిగేవి. కాబట్టి ఎదురెదురు ఉపగ్రహాలకు కాంతి అందడంలో సెకనులో ముప్పాతిక దాకా తేడా వచ్చేది. ఆ తేడాలను బట్టి క్లెబెసాడెల్, స్ట్రాంగ్, ఓల్సన్ అనే ముగ్గురు ఇవి భూమినుంచి గాని సూర్యునినుంచి గాని వచ్చినవి కావని తేల్చి, 1973లో 16 విస్ఫోటాల వివరాలు ప్రకటించారు. "ఎక్కడినుంచి" అన్నదానికి వారి జవాబు "ఇక్కడినుంచి కాదు" అన్నంతవరకే. శాస్త్రంలో అదీ జవాబే.

గ్రహాల మధ్య తిరిగే నౌకలను కలుపుకుంటే తేడాలు నిమిషాలకు పెరుగుతాయి, సూర్యునికీ మనకూ మధ్య దూరాన్ని కాంతి 500 సెకన్లలో దాటుతుంది గదా. కోణం సూక్ష్మంగా వస్తుంది. కాని సమాచారం చేరి, లెక్క తేలేసరికి రోజులు గడిచేవి. 1991లో ఎగిరిన కాంప్టన్ ఉపగ్రహం నాలుగు మూలలా, పైనా క్రిందా 8 పరికరాలు పెట్టి, దేనిమీద ఎక్కువ పడింది, దేనిమీద ఏటవాలుగా తక్కువ పడింది అని పోల్చి వెంటనే దిక్కు చెప్పేది. అది 2704 విస్ఫోటాలను నమోదు చేసింది. అవి ఆకాశమంతటా సమంగా చెల్లాచెదురై ఉన్నాయని చూపింది. ఐతే దాని తప్పు కొన్ని డిగ్రీలు. పూర్ణచంద్రుని వెడల్పు అర డిగ్రీయే. అంత జాగాలో ఎన్ని వేల నక్షత్రాలు, గెలాక్సీలు! త్వరగా తెలిస్తే మోటుగా, సూక్ష్మంగా తెలిస్తే ఆలస్యంగా. ఈ ముడి ముప్పై ఏళ్లు విడలేదు. 1995లో కూడా ఇవి మన పాలపుంత పరిసరాలలోనివా, విశ్వపు అంచులవా అని పెద్దలు బహిరంగంగా వాదించుకున్నారు.

ముడి విప్పినది వెనుక మిగిలే వెలుగు. విస్ఫోటపు ధార చుట్టూ ఉన్న వాయువును గుద్దుకున్నప్పుడు అక్కడి ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రాలలో తిరుగుతూ ఎక్స్‌కిరణాలనుంచి రేడియో తరంగాల దాకా వెలువరిస్తాయి. ఇది క్షణాలలో ఆరిపోదు. గంటలు, రోజులు, రేడియోలో ఐతే నెలలు కూడా నిలుస్తుంది. ఎక్స్‌కిరణాలనూ, మామూలు కాంతినీ దర్పణాలతో కూర్చి బొమ్మ కట్టవచ్చు. అందుచేత స్థానం సూక్ష్మంగా దొరుకుతుంది. దీనికి తెలుగులో స్థిరమైన మాట లేదు. ఒకరు "సంధ్యాకాంతి" అన్నారు. అస్తమయమే గుర్తుకు వస్తుంది. మరొకరు "అనుదీప్తి" అన్నారు. అర్థం సరియైనదే, పిల్లలకు నోరు తిరగదు. "మలివెలుగు" అని నేను వాడుతున్నాను. మా పిల్లలకు దృష్టాంతం వెతుక్కోనక్కరలేదు. ఉడికిన పసుపును కళ్లంలో కుమ్మరించినప్పుడు భగ్గున లేచే ఆవిరి రెండు నిమిషాలలో పోతుంది. కుప్పలో చెయ్యి పెడితే వేడి మాత్రం చాలాసేపు తగులుతూ ఉంటుంది. పోలికకు హద్దు ఉన్నదని కూడా చెప్పాలి సుమా: కుప్పలోని వేడి మొదటి వేడే, మలివెలుగు మాత్రం ధార వాయువును తాకినచోట కొత్తగా పుట్టినది.

1997 ఫిబ్రవరి 28న ఇటలీ, నెదర్లాండ్సు దేశాల బెప్పోసాక్స్ ఉపగ్రహం ఒక విస్ఫోటాన్ని పట్టి, 8 గంటలలో తన ఎక్స్‌కిరణ దూరదర్శినులను అటు త్రిప్పింది. అక్కడ ఒక ఎక్స్‌కిరణ మూలం కనిపించింది. మూడు రోజుల తరువాత చూస్తే అది బాగా తగ్గింది. వాన్ పరదైస్ బృందం లాపాల్మా ద్వీపంనుంచి అదే రాత్రి తీసిన చిత్రాన్నీ, మార్చి 8న తీసిన చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. మొదటిదానిలో ఉన్న చుక్క రెండవదానిలో లేదు. అదే సంవత్సరం మే 8 నాటి విస్ఫోటపు మలివెలుగును మెట్జ్‌గర్, కులకర్ణి ప్రభృతులు కెక్ దూరదర్శినితో వర్ణపటంగా విడదీసి, అది వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనిదని నిరూపించారు. వాదం ముగిసింది.

మన రచనలలోని రెండవ లోపం ఇంతకంటె నొప్పి కలిగించేది. శ్రీహరికోటనుంచి ఏ రాకెట్టు లేచినా మన పత్రికలు మొదటి పుటలో ముద్రిస్తాయి. ఉపగ్రహం కక్ష్యలో చేరడంతో కథ ముగుస్తుంది. అది ఏమి చూడబోయింది, ఏమి చూసింది అన్నది ఎవరికీ పట్టదు. 1992 మేలోనూ, 1994 మే 4ననూ అక్కడినుంచి ఏఎస్‌ఎల్‌వీ రాకెట్లపై వెళ్లిన స్రోస్-సి, స్రోస్-సి2 ఉపగ్రహాలలో గామాకిరణ విస్ఫోటాలను పట్టే స్ఫటికాలు ఉన్నాయి. అవి విస్ఫోటాలను పట్టాయి కూడా. ఒంటరి పరికరం గనుక దిక్కు చెప్పలేకపోయాయి. బండలు పేల్చినప్పుడు ఒక్క పిల్లవాడే గడియారం పట్టుకుని నిలబడినట్లు. ఈ సంగతి ఏ తెలుగు పాఠంలోనూ నా కంటబడలేదు.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుంచే ఆస్ట్రోశాట్ వెళ్లింది. దానిలో కాడ్మియం-జింక్-టెల్యూరైడ్ పలకల పరికరం ఒకటి ఉన్నది. రంధ్రాల కవచం వేసే నీడనుబట్టి ఎదుటి వస్తువు స్థానం చెప్పడం దాని వృత్తి. కాని శక్తి ఎక్కువైన కిరణాలకు దాని గోడలే పారదర్శకం అవుతాయి. అందువల్ల పక్కనుంచి వచ్చినవి కూడా నమోదవుతాయి. అక్టోబరు 6న పరికరాన్ని మొదటిసారి పనిలో పెట్టిన రోజుననే, ఎదుటనుంచి గాక 60 డిగ్రీల వారగా వచ్చిన విస్ఫోటం ఒకటి దొరికింది. 2023 నవంబరు నాటికి లెక్క 600కు చేరింది.

వాటిలో ఒకదాని కథ తరగతిలో చెప్పదగినది. 2017 జనవరి 4న గురుత్వ తరంగం ఒకటి అందింది. ఒకటిలో ఒకటి లీనమైన రెండు కృష్ణబిలాలనుంచి వచ్చినది అది. దాని జన్మస్థానం వెతుకుతుండగా హవాయిలోని అట్లాస్ దూరదర్శినికి త్వరత్వరగా తగ్గుతున్న వెలుగు ఒకటి మరునాడు కనిపించింది. కృష్ణబిలాల కలయికకు వెలుగు తోడైతే అది మహత్తర విషయం అయ్యేది. ఆస్ట్రోశాట్ పరికరపు లెక్కలను వరుణ్ భలేరావు ప్రభృతులు వెదికారు. తరంగం అందిన వేళకు గామాకిరణాలు ఏమీ లేవు. మరునాడు మాత్రం ఒక బలహీనమైన విస్ఫోటం ఉన్నది. అట్లాస్ చూసినది ఆ విస్ఫోటపు మలివెలుగై ఉండాలి; గురుత్వ తరంగానికీ దానికీ సంబంధం లేదు. దిక్కు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదని, కాలం కూడా చూడాలని ఇక్కడ తేలింది. మన లేఖకులు "కనుగొన్నారు" అని మాత్రమే రాస్తారు. "అది కాదని తేల్చారు" అన్న వార్త ఎన్నడైనా చదివామా?

నిపుణులకు కూడా పొరపాటు తప్పదు. 2022 అక్టోబరు 9 విస్ఫోటాన్ని స్విఫ్ట్ ఉపగ్రహం మొదట చూడలేకపోయింది. 53 నిమిషాల తరువాత అటు తిరిగినప్పుడు పాలపుంత పట్టీకి దగ్గరలో ఒక ప్రకాశమానమైన వస్తువు కనిపించగా, మన గెలాక్సీలోని కొత్త వస్తువేమో అనుకుని ఆ తీరున పేరు కూడా పెట్టారు. ఫెర్మీ కాలంతో స్విఫ్ట్ స్థానాన్ని సరిపోల్చిన తరువాత అది సుదూరపు విస్ఫోటమని తెలిసింది. చిలీలోని పెద్ద దూరదర్శిని వర్ణపటం తీసి దూరం చెప్పింది. మన హాన్లేలోని 0.7 మీటరు స్వయంచాలక దూరదర్శిని కూడా ఆ మలివెలుగును చూసింది. నా దగ్గరి తెలుగు వార్తలలో హాన్లే పేరు ఒక్కదానిలోనూ లేదు.

ఆ విద్యార్థినికి నేను బాకీపడిన జవాబును సంవత్సరాంతంలో, నక్షత్ర పటం మీద చుక్క పెట్టి చూపి చెల్లించాను. మొదట చెప్పినది తప్పని కూడా ఒప్పుకున్నాను. "ఐతే ఇప్పుడు చూడవచ్చా సార్?" అన్నది. ప్రతి సంవత్సరం అక్టోబరు 9వ తేదీ ప్రాంతంలో అదే వేళకు ఆకాశం మళ్లీ అదే అమరికలో ఉంటుంది. డాబా ఎక్కి దక్షిణంగా శ్రవణాన్ని, ఉత్తరంగా అభిజిత్తును పట్టుకుని, రెంటికీ నడుమ నెత్తిమీదికి చూడాలి. అక్కడ కంటికి ఏమీ కనిపించదు.